ఉబ్బిన బ్యాటరీ, మధ్య వరస టైల్స్

ఆయన అసలు పేరు అడిగితే భార్య కూడా ఓ క్షణం ఆగి చెప్పాలి. పని తెలిసినవాళ్ళందరికీ ఆయన చెంచా మేస్త్రి. చొక్కా జేబులో పెన్ను ఉండాల్సిన చోట ఒక స్టీలు చెంచా ఉంటుంది. టైలు పరిచాక ఆ చెంచా కాడతో నాలుగు మూలలా, నడిమధ్యా కొట్టి, తల వంచి వింటాడు. గట్టిగా టక్కుమంటే సరే. బోలుగా డొక్కుమందా, ఇంటివాళ్ళు బాగానే ఉందయ్యా అన్నా వినడు, ఊడబెరికి మళ్ళీ వేస్తాడు. ఈ చాదస్తం వల్ల ఆయన పని ఎప్పుడూ ఒకరోజు ఆలస్యమే. కానీ ఆయన వేసిన గచ్చు మీద నీళ్ళు నిలిచాయని ఇంతవరకూ ఎవరూ వెనక్కి పిలవలేదు.

కొత్త టైల్స్ వేసే మేస్త్రీలు వీధికి నలుగురు దొరుకుతారు. పాత టైల్స్ పగలకుండా లేపి, కింద పైపో తేమో బాగుచేయించి, మళ్ళీ ఎక్కడివి అక్కడ పరిచే మనిషి కావాలంటే మాత్రం ఈయన దగ్గరికే రావాలి. ఇది ఇద్దరి పని. ఆయన లేపుతాడు, వెనక అంటుకున్న పాత సిమెంటు మాలు భార్య ఉలితో గీకుతుంది. ఏది ఎక్కడిదో తెలియడానికి ప్రతి టైలు వెనకా సుద్దముక్కతో నంబరు వేస్తారు. గీకితే ఆ నంబరు పోతుంది కాబట్టి గీకాక మళ్ళీ వేస్తారు. దానికి తోడు గళ్ళ కాగితం మీద గది మొత్తం బొమ్మ గీసుకునేవాడు మేస్త్రి. ఇరవై ఏళ్ళు అలాగే నడిచింది. తర్వాత కెమెరా వచ్చింది.

ఫోను ఉండగా కెమెరా ఎందుకని అందరూ అడుగుతారు. మేస్త్రి వాళ్ళకి తన వేళ్ళు చూపిస్తాడు. ముప్పయ్యేళ్ళు సిమెంటులో నానిన వేళ్ళవి. వాటి మీది గీతలు ఎప్పుడో అరిగిపోయాయి. ఫోను తెర ఆయన వేలిని వేలుగానే లెక్కచేయదు, పదిసార్లు పొడిస్తే ఒకసారి పలుకుతుంది. ఆ చిన్న డిజిటల్ కెమెరాకైతే నొక్కితే దిగే బొత్తాం ఉంది. మేనకోడలు కొత్తది కొనుక్కుని ఈ పాతదాన్ని మేనమామ చేతిలో పెట్టింది. అరచేతిలో ఇమిడిపోతుంది. అడుగున ఒకే మూత, ఆ మూత కింద పక్కపక్కనే బ్యాటరీ, ఫొటోలుండే కార్డు.

కెమెరా వచ్చాక మావకి కాస్త పొగరొచ్చింది అంటుంది భార్య. అందులో అబద్ధమేమీ లేదు. గళ్ళ కాగితం మానేశాడు. స్టూలెక్కి ఒక్కో వరసకి ఒక్కో ఫొటో తీసుకుని, పరిచేటప్పుడు తెర మీద పెద్దది చేసి చూసుకుంటూ, ఇంటివాళ్ళ ముందు ఇంజనీరులా నిలబడేవాడు.

ఆరేళ్ళకి కెమెరాతోపాటు వచ్చిన బ్యాటరీ ముసలిదైపోయింది. నాలుగు ఫొటోలు తీసేసరికి కళ్ళు తేలేసేది. కంపెనీ ఆ రకం చేయడం మానేసిందట. మేస్త్రి బావమరిదికి ఎలక్ట్రిక్ సామాన్ల కొట్టుంది. అతను సొరుగులో చెయ్యిపెట్టి ఒకటి తీసిచ్చాడు.

"అచ్చం అదే బావా. మీద పేరొక్కటే తేడా. పేరుతో నీకేం పని, ఫొటోలు కావాలి గానీ."

అది పెడితే కెమెరా తెర మీద రెండు వరసల అక్షరాలు చూపించి ఆరిపోయింది. మేనకోడలు చదివి, "ఈ బ్యాటరీ నాది కాదంటోంది మావయ్యా" అని చెప్పింది. బావమరిది దాన్ని వెనక్కి తీసుకుని ఇంకో పేరున్నది ఇచ్చాడు. దీన్ని కెమెరా ఒప్పుకుంది. కానీ పాత చార్జరులో పెడితే ఎర్రలైటు మిణుకుమిణుకుమంటూనే ఉండేది. బావమరిది దానికో వేరే చార్జరిచ్చాడు. అందులోంచి తీస్తే బ్యాటరీ అప్పుడే పొయ్యి మీంచి దించినట్టుండేది. పైగా అది తన గూట్లో సులువుగా కూర్చోదు. బొటనవేలితో బలంగా నొక్కి, మూత వేసి, మళ్ళీ నొక్కాలి.

"బడికి పోనని మొండికేసే పిల్లాణ్ణి తోసినట్టు తోస్తున్నావు మావా. అది రానంటోంది, వదిలెయ్" అంది భార్య.

మేస్త్రి చెవిన పెట్టలేదు. లోపలికి పోయింది, కెమెరా వెలిగింది, తెర మీద చార్జింగు గీతలు మూడుకి మూడూ ఉన్నాయి. ఎప్పుడు చూసినా మూడే ఉంటున్నాయేమిటని అనుమానం రావాల్సింది. రాలేదు. మంచి బ్యాటరీ కాబట్టే ఉన్నాయనుకున్నాడు మహానుభావుడు.

అలాంటి సమయంలో టైపు టీచరమ్మ పని వచ్చింది. ఆవిడ ముప్పయ్యేళ్ళు టైపు నేర్పిన మనిషి. ఎవరైనా కీల వైపు చూస్తే వేళ్ళ మీద స్కేలుతో ఒక్కటి పడేది. "కళ్ళు కాగితం మీద, వేళ్ళు మధ్య వరస మీద. దారి వేళ్ళే వెతుక్కుంటాయి" అనేది. మూడేళ్ళ కిందట ఆవిడకి చూపు పూర్తిగా పోయింది. పెళ్ళి చేసుకోలేదు, ఒక్కతే ఉంటుంది. తమ్ముడు వచ్చి తన ఇంటికి తీసుకెళ్తానని ఎన్నిసార్లు పోరినా కదల్లేదు. నలభై ఏళ్ళుగా అదే హాలు, అవే పూల టైల్స్. ఏ టైలు అరిగిందో, ఏది పగిలిందో, ఏది మూల విరిగిందో ఆవిడ పాదాలకి తెలుసు. కుర్చీలోంచి లేచి, చెయ్యి దేన్నీ పట్టుకోకుండా వంటింట్లోకి వెళ్ళి టీ పెట్టుకుని వస్తుంది.

హాలు కింద నీళ్ళ పైపు కారి గచ్చంతా కదిలిపోయింది. లేపక తప్పదు. టీచరమ్మ మేస్త్రితో ఒక్క మాటే చెప్పింది.

"అందంగా వెయ్యమని అడగను. సాపుగా వెయ్యమనీ అడగను. ఏది ఎక్కడుందో అక్కడే వెయ్యి. పగిలినదాన్ని కూడా. కొత్తది తెచ్చి పెట్టావంటే నేను దారి తప్పుతాను."

ఆవిడ తమ్ముడు కూడా అక్కడే ఉన్నాడు. చెడ్డవాడు కాదు, అక్క ఎక్కడ పడిపోతుందోనని భయపడే మనిషి. "పని అయ్యేదాకా పదిరోజులు మా ఇంట్లో ఉంటుంది. తిరిగొచ్చాక తడుముకోకుండా నడిచిందా, సరే, ఉండనిస్తాను. తడబడిందా, ఇక మాతోనే" అన్నాడు. టీచరమ్మ సరేనంది. అంటే ఆవిడ సొంతింట్లో ఉండటమా మానటమా అన్నది మేస్త్రి చేతిలో పడిందన్నమాట. ఆయనకి ఆ సంగతి తెలుసు. తెలిసే ఒప్పుకున్నాడు.

గచ్చు ఏడు వరసలు, వరసకి పన్నెండు టైల్స్. గదిలో సామానంతా మధ్య వరస మీదికి చేర్చి, మిగతా ఆరు వరసలూ ఫొటో తీశాడు. చివరికి సామాను పక్కకి జరిపి మధ్య వరస తీశాడు. టక్కుమంది. వెంటనే తెర చీకటైపోయింది. పని అయిపోయింది కదా, పోతేపోనీ అనుకుని దాన్ని కిటికీలో పెట్టి లేపడం మొదలెట్టాడు. కిటికీలో పొద్దుటెండ నేరుగా పడుతుంది. ఆ సంగతీ పట్టించుకోలేదు.

రెండోరోజు భార్య టైల్స్ గీకుతూ సుద్దముక్క చేతిలోకి తీసుకుంది. "మావా, నంబరు మళ్ళీ రాయనా?"

"ఎందుకే, ఫొటోలున్నాయిగా. వేగిరం కానివ్వు" అన్నాడు ఆయన.

ఎనభై నాలుగు టైల్స్ శుభ్రంగా గీకి, ఒక్క నంబరూ లేకుండా, గోడవారగా పేర్చిందామె. తర్వాత పైపు మనిషి వచ్చి రెండు రోజులు తన పని చేసుకుని వెళ్ళాడు.

ఆరోరోజు పొద్దున్నే మేస్త్రి మాలు కలిపించి, కిటికీలోంచి కెమెరా తీసి బొత్తాం నొక్కాడు. ఉలుకూ పలుకూ లేదు. బ్యాటరీ తీసి చార్జింగు పెడదామని మూత జరపబోతే మూత కదల్లేదు. కెమెరా అడుగు కాస్త ఉబ్బెత్తుగా కనిపించింది. చెంచా కాడ ఇరికించి చూశాడు, లాభం లేదు. లోపల బ్యాటరీ ఉబ్బి మూతని బిగదన్నిపట్టింది. కార్డు కూడా ఆ మూత కిందే. గోడవార చూస్తే ఎనభై నాలుగు టైల్స్, అన్నీ తోబుట్టువుల్లా ఉన్నాయి. 

మేస్త్రి ఉలి చేతిలోకి తీసుకున్నాడు. భార్య చటుక్కున చెయ్యి పట్టుకుంది.

"పొడిచావంటే ఊరుకోను. లోపల ఏముందో నీకూ తెలీదు, నాకూ తెలీదు."

"అయితే ఏం చెయ్యమంటావు?"

"తెలిసినవాళ్ళ దగ్గరికి పోదాం. మా తమ్ముడి దగ్గరికి మాత్రం కాదు" అంది. సొంత తమ్ముడి గురించి ఆమె అంత మాట అనడం అదే మొదలు.

కెమెరాలు బాగుచేసే రిపేరు మేడం గది ఒక పాత మేడ మీద ఉంది. ఒకే కిటికీ, ఒకే బల్ల. కింద పడ్డ మర కనిపించాలని బల్ల మీద తెల్లగుడ్డ పరుచుకుంది. నలభై దాటిన మనిషి, కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని కెమెరాని ముక్కుదాకా తెచ్చి చూసింది.

"దీన్ని పొడిచారా?"

"లేదమ్మా. మా ఆవిడ పొడవనివ్వలేదు."

"ఆవిడకి దణ్ణం పెట్టండి అన్నా. పొడిచుంటే మీ చేతిలోనే మంట లేచేది."

మేస్త్రి భార్య వైపు చూడకుండా తల గోక్కున్నాడు. మేడం మూత జోలికి పోలేదు. కెమెరా చుట్టూ ఉన్న సన్న మరలు విప్పి, పైతొడుగు ఊడదీసి, ఒక ప్లాస్టిక్ ముక్కతో నెమ్మదిగా, ఊపిరి బిగబట్టి బ్యాటరీని పైకి లేపింది. గాలి బిగబట్టిన బుగ్గలా ఉంది అది. దాన్ని ఇసక పోసిన ఇనప డబ్బాలో పెట్టి డబ్బాని గుమ్మం బయట ఉంచాక గానీ ఆమె మాట్లాడలేదు.

"ఇదిగో కార్డు. వంకర పోలేదు, మీ అదృష్టం."

కంప్యూటరులో పెడితే మొదటి వరస కనిపించింది. తర్వాత రెండోది. ఒక్కో ఫొటో తెర మీద పడుతుంటే మేస్త్రి ఒక్కో అంగుళం కుర్చీలోకి జారుతున్నాడు. ఆరు వచ్చాయి. ఏడోది తెరిస్తే ఉత్త బూడిదరంగు.

"దీనికి పేరుంది గానీ బొమ్మ లేదు అన్నా. కెమెరా దాన్ని కార్డు మీద రాసుకుంటుండగా బ్యాటరీ చచ్చిపోయింది."

"గీతలు నిండుగా ఉన్నాయమ్మా. మూడుకి మూడు."

"సొంత బ్యాటరీ అయితే ఎంత మిగిలిందో కెమెరాకి చెబుతుంది. ఇలాంటివి కొన్ని అసలు చెప్పవు, కొన్ని చెప్పినా నిజం చెప్పవు. బయటివన్నీ చెడ్డవని అనను, మంచివీ వస్తాయి. ఇది మాత్రం మొదట్నుంచీ చెబుతూనే ఉండుంటుంది. బిగుతుగా ఉందా? వేడెక్కేదా?"

"రెండూ" అంది భార్య, ఆయన నోరు తెరిచేలోపే.

బూడిదరంగు ఫొటో మధ్య వరసది. పక్క వరసల ఫొటోల్లో దాని అంచయినా పడిందేమో చూశారు. కుర్చీ కాళ్ళూ, బీరువా అడుగూ తప్ప ఏమీ లేదు. మిగతా వరసలు పోయినా టీచరమ్మ గోడ పట్టుకుని నడిచేదేమో. ఇది కుర్చీ నుంచి వంటింటికి పోయే వరస, రోజుకి యాభైసార్లు తిరిగే దారి.

ఆ మధ్యాహ్నమూ మర్నాడూ ఆరు వరసలు పరిచారు. డెబ్బై రెండు టైల్స్ ఎక్కడివి అక్కడ కూర్చున్నాయి. చెంచా అన్నింటి మీదా టక్కుమంది. గది నడుమ ఒక బద్దలా ఖాళీ మిగిలింది, గోడవార పన్నెండు టైల్స్ మిగిలాయి. మేస్త్రి వాటిని అటూ ఇటూ మార్చి చూశాడు. పూలు ఎలా పెట్టినా కలుస్తున్నాయి. అదే వచ్చిన చిక్కు. తప్పు పెట్టినా కంటికి తెలియదు, ఆవిడ పాదానికే తెలుస్తుంది.

"టీచరమ్మకి చెప్పేద్దాం" అంది భార్య.

"ఆ తమ్ముడు ఈ మాట కోసమే కాచుకుని కూర్చున్నాడే. నా పరువేమైపోవాలి?"

"నీ పరువు సంగతి సరే. తప్పు వరస వేస్తే పడేది ఆవిడ మావా, నువ్వు కాదు."

మేస్త్రి లేచాడు. చేతులు కడుక్కుని, చొక్కా మార్చుకుని, టీచరమ్మ తమ్ముడుగారి ఇంటికి బయల్దేరాడు. ఆయన జీవితంలో చేసిన పొరపాట్లు లేకపోలేదు గానీ, వాటిని ఒకరి గుమ్మంలో నిలబడి చెప్పుకోవడం అదే మొదటిసారి. సుద్దముక్క సంగతీ, బ్యాటరీ సంగతీ, బూడిదరంగు సంగతీ ఏదీ దాచలేదు. 

"చూశావా అక్కా, నేను ముందే అన్నాను" అన్నాడు తమ్ముడు.

టీచరమ్మ అతని మాట పక్కన పెట్టింది. "ఏ వరస మేస్త్రీ?"

"మధ్యదమ్మా. మీ కుర్చీ వరస."

ఆవిడ నవ్వింది. మేస్త్రికి నవ్వెందుకో అర్థం కాలేదు. "ముప్పయ్యేళ్ళు నేను చెప్పిన మొదటి పాఠం అదేనయ్యా. మిగతా వరసలు పోయాయని చెప్పుంటే నేనేం చేయలేకపోయేదాన్ని. అక్కడ పాదం పడితే గుర్తుపడతాను గానీ, టైలు ఇచ్చి ఎక్కడిదంటే చెప్పలేను. పద, నా కుర్చీ వేయించు."

ఆ సాయంత్రమే ఖాళీ పక్కన, ముందురోజు పరిచిన టైల్స్ మీద చెక్క పలక వేసి దాని మీద కుర్చీ వేశారు. టీచరమ్మ చెప్పులు విడిచి కూర్చుంది. మేస్త్రి భార్య ఒక్కో టైలూ తెచ్చి ఆవిడ పాదాల కింద పెట్టి, ఇటు తిప్పమంటే ఇటు, అటు తిప్పమంటే అటు తిప్పింది. తమ్ముడు గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఇది నడుమ పగిలింది. ఏడోది. పగులు వంటింటి వైపు సాగాలి. ఆ, అలా."

"మావా, నంబరు రాయనా?" అంది భార్య.

"రాయి. పెద్దగా రాయి."

"ఇందులో బొటనవేలు దిగే గుంట ఉంది, నాలుగోది. లేవగానే మొదటి అడుగు దీని మీదే. ఇది మూల విరిగింది, వంటింటి గడప దగ్గరిది. ఇక్కడికి వచ్చాక ఎడమ చెయ్యి చాపితే తలుపు." ఒకదాని దగ్గర ఆవిడ ఆగింది. కుడిపాదం పెట్టింది, తీసి ఎడమపాదం పెట్టింది.  "అయిదోదో ఆరోదో. దీనిలాగే అరిగినది ఇంకోటుంది, ఆ జతది కూడా తెండి." జతది తెచ్చారు. రెంటి మీదా రెండు పాదాలూ పెట్టి కాసేపు కూర్చుంది. "గరుకుది ఆరు" అంది.

తొమ్మిది అయ్యాయి. మిగిలిన మూడూ ఒకదాని తర్వాత ఒకటి పెట్టారు. ఆవిడ తల అడ్డంగా ఊపింది.

"ఇవి నాకు తెలియవు మేస్త్రీ. వీటిని నేనెప్పుడూ తొక్కలేదు."

మేస్త్రి ఆ మూడింటినీ గబగబా తిప్పి మళ్ళీ ఆవిడ పాదాల కింద పెట్టాడు. తమ్ముడు చేతులు విప్పి ఒక అడుగు ముందుకేశాడు.

"అంత కంగారెందుకయ్యా. నా కుర్చీ వెనక బీరువా ఉంటుందిగా, దాని కింద ఎన్ని టైల్స్?"

మేస్త్రి లెక్కపెట్టాడు. "మూడమ్మా."

"నలభై ఏళ్ళలో బీరువా ఒక్కసారైనా వంటింటికి నడిచిందా? ఎలా పెడితే అలా పెట్టు."

మేస్త్రి భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. మేస్త్రి కూడా నవ్వబోయాడు గానీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పక్కకి తిరిగి, అక్కర్లేకపోయినా మాలు కలపడం మొదలెట్టాడు.

మర్నాడు మధ్య వరస పడింది. మాలు గట్టిపడటానికి నాలుగు రోజులు ఎవరినీ తొక్కనివ్వలేదు. అందువల్ల అలవాటు ప్రకారం ఈ పనీ ఆలస్యమే అయింది. ఈలోగా రిపేరు మేడం అదే రకం పాడైపోయిన కెమెరా ఒకటి వెతికి, అందులోని అసలు బ్యాటరీ తీసిచ్చింది. అది గూట్లో దానంతటదే జారి కూర్చుంది. ఇలా కూర్చోవాలన్నమాట అని మేస్త్రి అనుకున్నాడు. అయినా ఆ పూటే గళ్ళ కాగితం కూడా కొనుక్కున్నాడు.

అయిదోరోజు పొద్దున తమ్ముడు అక్కని తీసుకొచ్చాడు. ఆవిడ బట్టల సంచి లోపల పెట్టలేదు, గుమ్మం బయటే గోడకి ఆనించాడు. టీచరమ్మ కుర్చీ దాకా తమ్ముడి చెయ్యి పట్టుకుని వెళ్ళి, కూర్చుని, చెప్పులు విడిచి, లేచింది. మొదటి అడుగు గుంట మీద పడింది. బొటనవేలు దాన్ని వెతుక్కోవడం మేస్త్రి చూశాడు. అయిదు, ఆరు. పగులు దగ్గర పాదం కాస్త నెమ్మదించి ముందుకి పోయింది. చేతులు రెండూ పక్కనే ఉన్నాయి, దేన్నీ వెతకడం లేదు. విరిగిన మూల తగలగానే ఎడమ చెయ్యి లేచింది, తలుపు మీద పడింది. వంటింట్లో గిన్నె చప్పుడైంది. నీళ్ళు పోసిన చప్పుడైంది.

మేస్త్రి అక్కడే గచ్చు మీద చతికిలబడ్డాడు.  భార్య పక్కన కూర్చుంది. అనాల్సింది ఆమె దగ్గర చాలానే ఉంది గానీ, తర్వాతికి దాచుకుంది.

టీచరమ్మ రెండు గ్లాసుల నీళ్ళతో అదే దారిన వెనక్కి వచ్చింది. చుక్క ఒలకలేదు. "మేస్త్రీ, ఎక్కడున్నావు? అందుకో."

తమ్ముడు కాసేపు ఆ టైల్స్ వైపే చూస్తూ నిలబడ్డాడు. తర్వాత బయటికి వెళ్ళి, సంచి తీసుకుని లోపలికి వచ్చి, బీరువా తలుపు తెరిచాడు.

"బట్టలు ఏ అరలో పెట్టనక్కా?"

"కింద అరలో" అంది టీచరమ్మ. "ఎప్పుడూ ఉండేది అక్కడేగా."